మిర్చి రైతుల లెక్కల్లో గడిచిన నా కన్సల్టింగ్ ఇంటర్న్‌షిప్

ఎంబీఏ మొదటి సంవత్సరం పరీక్షలు ముగిశాక, 2025 వేసవిలో హైదరాబాదులోని ఒక మధ్యతరహా కన్సల్టింగ్ సంస్థలో ఇంటర్న్‌గా పనిచేశాను. చేరిన రోజునే గోప్యత ఒప్పందం మీద సంతకం చేశాను కనుక, సంస్థ పేరుగాని, మాకు పని అప్పగించిన దాతృత్వ సంస్థ పేరుగాని, మేము వెళ్లిన ఊళ్ల పేర్లుగాని రాయను. పని ఎలా సాగుతుందో, అందులో ఒక విద్యార్థి చేయగలిగింది ఏమిటో చెప్పడానికి ఆ పేర్ల అవసరం కూడా లేదు. కన్సల్టింగ్ అనగానే మా తరగతిలో చాలామందికి మెకిన్సీ, బీసీజీ, బెయిన్ గుర్తుకు వస్తాయి. లేదంటే ఆడిట్ వృత్తిలో పుట్టి తరువాత సలహా రంగంలోకి విస్తరించిన డెలాయిట్, పీడబ్ల్యూసీ, ఈవై, కేపీఎంజీ గుర్తుకు వస్తాయి. నేను చేరినది ఆ కోవకు చెందని సంస్థ. వ్యవసాయం, గ్రామీణ రుణాలు, ప్రభుత్వ పథకాల అమలు, వీటి చుట్టూ దాని పని తిరుగుతుంది. నేను కోరుకున్నదీ అదే.

ఎంపిక సంగతి ముందుగా చెప్పాలి, ఎందుకంటే జూనియర్లు నన్ను ఎక్కువగా అడిగేది దాని గురించే. దరఖాస్తుల వడపోత అయిన తరువాత కేస్ ఇంటర్వ్యూలు ఉంటాయి. ఒక వ్యాపార సమస్యను అభ్యర్థి ముందు పెట్టి, అతను దాన్ని ఏ వరుసలో విడదీస్తున్నాడో గమనించడం వాటి ఉద్దేశం. నాకు ఇచ్చిన మొదటి ప్రశ్న, ఒక వేసవి రోజున హైదరాబాదు నగరంలో 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్లు ఎన్ని అమ్ముడవుతాయో అంచనా వేయమని. సరైన అంకె ఎవరికీ తెలియదు, ఇంటర్వ్యూ చేసేవారికీ తెలియదు. సొంత ఫిల్టరు ఉన్న ఇళ్లు, క్యాన్లు తెప్పించుకునే ఇళ్లు, హాస్టళ్లు, మెస్సులు, ఆఫీసులు, దుకాణాలు, ఫంక్షన్ హాళ్లు, ఇలా కొనుగోలుదారులను విడదీసుకున్నాను. అమీర్‌పేట, మాదాపూర్ హాస్టళ్లలో ఉండేవారిని ఇళ్ల లెక్కలో కలిపేస్తే అంచనా తగ్గిపోతుందని, అందుకే వారిని విడిగా చూస్తున్నానని చెప్పాను. అంతా విన్నాక ఆయన ఒకే ప్రశ్న అడిగారు: "మీరు వేసుకున్న ఊహల్లో ఏ ఒక్కటి మారితే మీ జవాబు అన్నిటికన్నా ఎక్కువగా మారుతుంది?" క్యాన్లు కొనే ఇళ్ల శాతం అన్నాను. "అయితే నేను మీకు ఒక్క రోజు సమయమిస్తే, ఆ శాతం ఎలా తెలుసుకుంటారు?" అని కొనసాగించారు. నీళ్ల ప్లాంట్ల దగ్గర నిలబడి ఆటోల లోడు లెక్కపెడతానని, ఆ ఆటోలు ఏ వీధుల్లోకి వెళ్తున్నాయో డ్రైవర్లను అడుగుతానని చెప్పాను. ఇంటర్వ్యూ అక్కడితో మలుపు తిరిగిందని నా నమ్మకం.

ఈ ఇంటర్వ్యూలకు సిద్ధమయ్యేవారు సమస్యను విడదీసే సిద్ధ చట్రాలు (ఫ్రేమ్‌వర్కులు) కంఠస్థం చేయడం మీద సమయం పోగొట్టుకుంటున్నారు. లాభం తగ్గితే ఆదాయం వైపు, ఖర్చు వైపు చూడాలన్నది ఎవరికైనా ఒక గంటలో వస్తుంది. ఆలోచిస్తూనే పైకి మాట్లాడటం, మధ్యలో ఎదుటివారు ఆపితే తడబడకుండా మళ్లీ అందుకోవడం మాత్రం సాధన లేకుండా రాదు. నేను మా హాస్టల్‌లో ఒక స్నేహితురాలితో రోజూ రాత్రి భోజనం తరువాత కూర్చుని, ఒకరినొకరు ప్రశ్నించుకుంటూ అభ్యాసం చేశాను. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి ఇది మరీ అవసరం. భావం స్పష్టంగా ఉన్నా ఇంగ్లీషు వాక్యం కోసం వెతుక్కునే ఆ కొద్ది క్షణాల్లోనే ధైర్యం సడలుతుంది. సాధన చేస్తే ఆ క్షణాలు తగ్గుతాయి.

మా బృందంలో పార్ట్‌నర్, ప్రాజెక్టు మేనేజర్, ఒక అనలిస్టు, నేను. అక్కడ అందరూ అందరినీ పేరుతోనే పిలుచుకుంటారు. నాకు పార్ట్‌నర్ గారిని పేరు పెట్టి పిలవడం చివరిదాకా చేతకాలేదు, సర్ అనే పిలిచాను, ఆయన కూడా పట్టించుకోలేదు. మొదటి కొద్ది రోజులు ఆఫీసు నియమాలు, ఫైళ్ల భద్రత, స్లైడ్ల నమూనాలు నేర్చుకోవడంలో గడిచిపోయాయి.

ఆ తరువాత ప్రాజెక్టు చేతికి వచ్చింది. పల్నాడు జిల్లాలో మిర్చి పండించే రైతు ఉత్పత్తిదారుల సంస్థలకు, అంటే ఎఫ్‌పీఓలకు, సొంత కోల్డ్ స్టోరేజీ కట్టించాలని ఆ దాతృత్వ సంస్థ అనుకుంటోంది. ఎక్కడ కట్టాలి, ఎంత సామర్థ్యంతో కట్టాలి, ఎన్నేళ్లలో అది తన ఖర్చు తాను భరించగలుగుతుంది అన్నవి వారు రాసిన లేఖలోని ప్రశ్నలు. మా మేనేజర్ గారు ఆ లేఖను మా ముందు పెట్టి, అందులో అడగని ప్రశ్న ఏమిటో చెప్పమన్నారు. రైతు కోసిన వెంటనే ఎందుకు అమ్ముకుంటున్నాడన్నది అందులో లేదు. దాచుకునే చోటు లేక అమ్ముకుంటున్నాడని అందరూ అనుకుంటున్నారు, ఆ అనుకోవడం నిజమో కాదో ముందు తేల్చాలని ఆవిడ అన్నారు. ప్రశ్నను తిరగరాసి, దాన్ని కొమ్మలుగా విడదీసి గోడకు అంటించాం. ధర తరువాత పెరుగుతుందా, పెరిగితే దాచిన ఖర్చు పోను ఏమైనా మిగులుతుందా, మిగిలేటట్లయితే రైతు ఎందుకు ఆగలేకపోతున్నాడు, ఆగగలిగేవారికి చోటు దొరుకుతోందా, ఇవీ ఆ కొమ్మలు. ఆ వరుసే తరువాత మా పనినంతటినీ నడిపించింది.

ఎఫ్‌పీఓల గురించి నాకు పుస్తక జ్ఞానమే ఉండేది. రైతులు సభ్యులుగా ఉండే ప్రొడ్యూసర్ కంపెనీకి చట్టం 2002లో చోటు కల్పించింది. వాటాలు ఎన్ని ఉన్నా సాధారణంగా ఒక సభ్యుడికి ఒకే ఓటు. అంతకుముందే, 1995లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం తెచ్చింది, ఇప్పటికీ కొన్ని రైతు సంఘాలు దాని కిందే నమోదై ఉన్నాయి. 2020లో కేంద్రం పదివేల ఎఫ్‌పీఓల పథకం మొదలుపెట్టింది. మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులుండాలి. మూడేళ్లపాటు నిర్వహణ ఖర్చుల కోసం ఒక్కొక్క సంస్థకు 18 లక్షల వరకు, సభ్యుల వాటాధనానికి సమానంగా మనిషికి 2,000 రూపాయలు మించకుండా, మొత్తం మీద 15 లక్షలు దాటకుండా మరో గ్రాంటు ఇస్తారు. కాగితం మీద చదివినప్పుడు ఇవి పెద్ద మొత్తాలుగానే కనిపించాయి. మిర్చి ధర పక్కన పెట్టి చూసినప్పుడు ఎంత చిన్నవో అర్థమైంది. ఒక ఎఫ్‌పీఓలో 500 మంది రైతులు తలా వెయ్యి రూపాయలు వేస్తే 5 లక్షలు, దానికి గ్రాంటు మరో 5 లక్షలు. క్వింటాలు 12,000 రూపాయల చొప్పున ఆ 10 లక్షలతో 83 క్వింటాళ్ల మిర్చి కొనవచ్చు. గుంటూరు లెక్కలో చెప్పాలంటే 40 నుంచి 45 కిలోలు తూగే టిక్కీలు, అంటే బస్తాలు, దాదాపు రెండు వందలు. సీజన్ ఊపందుకున్నప్పుడు గుంటూరు మిర్చి యార్డుకు ఒక్క రోజులో లక్షకు పైగా టిక్కీలు వస్తాయి. ఈ పోలికను నేను ఒక చిన్న పట్టికగా రాసి మేనేజర్ గారికి చూపించినప్పుడు, ఆవిడ దాన్ని చివరి నివేదికదాకా తీసేయకుండా ఉంచారు.

క్షేత్ర పర్యటన త్వరగా ముగించాల్సిన అవసరం ఉండేది. మే నెలలో గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇస్తారు, అప్పుడు వెళ్తే ఖాళీ షెడ్లే కనిపిస్తాయి. అందుచేత ఏప్రిల్‌లోనే అనలిస్టూ, నేనూ బయలుదేరాం. ఆసియాలోకెల్లా పెద్దదిగా పేరున్న ఆ యార్డులో మొదటి పావుగంట దగ్గుతూనే గడిచింది. మాది ఉత్తరాంధ్ర, మా వైపు ఇంత మిర్చి ఒక్కచోట చూసే అవకాశం లేదు. తేజ, 334, 341, బాడిగ, నంబర్ ఫైవ్, రకాల పేర్లు ముందుగా చదువుకుని వెళ్లినా, బస్తా మూతి విప్పి గుప్పెడు కాయలు తీసి చూస్తే డీలక్స్ ఏదో మీడియం ఏదో చెప్పే చూపు మాకు లేదు. లాం పరిశోధన కేంద్రంలో రూపొందిన ఎల్‌సీఏ-334 రకాన్నే పొట్టిగా 334 అంటారని, రంగు పోయి తెల్లబడిన కాయను తాలు అంటారని, కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన సరుకును ఏసీ సరుకు అంటారని అక్కడి గుమాస్తాలే ఓపికగా చెప్పారు.

ఆ సంవత్సరం రైతు పరిస్థితి చాలా కష్టంగా ఉంది. 2023లో క్వింటాలు 20,000 రూపాయలు దాటి పలికిన మిర్చి, 2025 మొదటికి ఎంతగా దిగజారిందంటే, ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధరను ప్రకటించాల్సి వచ్చింది. అంతకు ముందు సంవత్సరం ధర పెరుగుతుందని దాచుకున్నవారు నష్టపోయి ఉన్నారు. ఇలాంటి సమయంలో ఊళ్లలోకి వెళ్లి, మీకు కోల్డ్ స్టోరేజీ కావాలా అని అడగడం ఎంత సున్నితమైన పనో అక్కడికి వెళ్లాకే తెలిసింది.

మా దగ్గర హైదరాబాదులో తయారు చేసుకున్న ప్రశ్నావళి ఉంది. అందులో రైతులను భూమి విస్తీర్ణాన్ని బట్టి సన్నకారు, చిన్నకారు, పెద్ద రైతులుగా విభజించాం. మొదటి ఊళ్లో ఒక పెద్దాయన ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడుతుంటే ఆ విభజనకు అర్థం లేదని తేలిపోయింది. ఆయన అన్న మాటను నేను నోటుపుస్తకంలో ఉన్నదున్నట్టుగా రాసుకున్నాను: "ఏసీలో పెట్టుకోవాలని మాకు మాత్రం ఉండదా అమ్మా? కోతకొచ్చినోళ్లకి ఆదివారం కల్లా కూలియ్యాల. ఎరువుల కొట్టోడికి ఉగాది దాటితే వడ్డీ. కాయ ఏసీలో పడుకుంటే వీళ్లంతా ఆగుతారా?" నాలుగు ఎకరాలు సొంతంగా ఉండి అప్పు లేని రైతు ఆగగలుగుతున్నాడు. పది ఎకరాలు కౌలుకు తీసుకుని కమిషన్ ఏజెంటు దగ్గర పెట్టుబడి తెచ్చినవాడు ఆగలేకపోతున్నాడు. పెట్టుబడి ఎవరు పెట్టారో సరుకు వారి దగ్గరికే వెళ్లాలన్నది ఎక్కడా రాసి లేని ఒప్పందం. రైతులను విభజించాల్సింది ఎకరాలను బట్టి కాదు, సరుకు మీద ఎవరికి హక్కు ఉందన్న దాన్ని బట్టి.

అప్పు గురించి నేరుగా అడిగితే ఎవరూ చెప్పరు, చెప్పాల్సిన అవసరమూ వారికి లేదు. అనలిస్టుతో మాట్లాడి ప్రశ్నలను మార్చాం. అప్పు ఎంత అనే ప్రశ్న తీసేసి, ఈ ఏడు మందులు, ఎరువులు ఎక్కడ తెచ్చారు, డబ్బు ఎప్పుడు ఇస్తామన్నారు, కాయ ఎవరి కొట్లో దించారు, కిందటేడు కూడా అక్కడే దించారా అని అడగడం మొదలుపెట్టాం. జవాబులు సహజంగా వచ్చాయి, వాటి నుంచి మాకు కావలసింది తెలిసింది. నూటికి రెండు రూపాయల వడ్డీ అన్న మాట చాలా చోట్ల వినిపించింది. ఆడవాళ్లతో మాట్లాడటానికి నేను ఉండటం కలిసొచ్చింది. కల్లాల్లో టార్పాలిన్ పట్టల మీద కాయలు ఏరుతున్న ఆడవాళ్ల దగ్గర కూర్చుంటే, వాన వచ్చిన రాత్రి ఎంత కాయ తడిసింది, మంచు పడితే రంగు ఎలా పోతుంది, తాలు వేరు చేసే కూలి ఎంత, అన్నీ తెలిశాయి. ఈ వివరాలు మగవారితో జరిగిన సమావేశాల్లో ఒక్కసారి కూడా ప్రస్తావనకు రాలేదు.

మాకు దొరికిన విలువైన ఆధారం ఒక ఎఫ్‌పీఓ డైరెక్టరు గారి ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంది. ఆయన ఎన్నో సంవత్సరాలుగా తన అమ్మకం పట్టీలన్నీ దారంతో కట్టి దాచుకున్నారు. తేదీ, టిక్కీల సంఖ్య, బరువు, ధర, కమిషన్, హమాలీ, చేతికి వచ్చిన మొత్తం, అన్నీ వాటిలో ఉన్నాయి. ఆయన అనుమతితో, పేరు కనపడకుండా, వాటిని మేము పట్టికలోకి ఎక్కించాం. పత్రికల్లో వచ్చే ధర చాలావరకు ఆ రోజు పలికిన గరిష్ఠ ధర. ఖమ్మం మార్కెట్‌లో జెండా పాట అని చెప్పేది కూడా ఆ రోజు పలికిన అత్యధిక ధరే. సగటు రైతు సరుకు ఆ ధరకు అమ్ముడుపోదు. పట్టీలు చూస్తే గరిష్ఠ ధరకూ, చేతికి వచ్చిన ధరకూ మధ్య దూరం ప్రతి సంవత్సరమూ కనిపించింది, ఆ దూరం ఎక్కువగా నాణ్యత వల్ల వచ్చినదే. దాచుకోవడం కన్నా ముందు ఆరబెట్టడం, గ్రేడింగు చేయడం మెరుగుపడాలన్న మా సిఫారసు ఆ ట్రంకు పెట్టెలోంచి వచ్చిందే.

కోల్డ్ స్టోరేజీ యజమానులనూ, బ్యాంకు అధికారులనూ, కమిషన్ ఏజెంట్లనూ కూడా కలిశాం. కమిషన్ ఏజెంట్ల గురించి నేను ముందే ఒక అభిప్రాయంతో వెళ్లాను, వారితో మాట్లాడాక అది కొంత మారింది. పంట పోయిన సంవత్సరం బాకీ వాయిదా వేసి మళ్లీ పెట్టుబడి ఇచ్చేది కూడా వారే. 2021–22 సీజన్‌లో నల్ల తామర పురుగు వచ్చి పొలాలకు పొలాలు దెబ్బతిన్నప్పుడు తమను ఆదుకున్నది బ్యాంకు కాదని కొందరు రైతులు మాతో అన్నారు. వడ్డీ ఎక్కువే, కాని అవసరానికి దొరుకుతుంది. దాన్ని దోపిడీ అనే ఒక్క మాటతో తేల్చేసే నివేదికకు రైతుల దగ్గర కూడా గౌరవం ఉండదు.

హైదరాబాదుకు తిరిగి వచ్చాక లెక్కలు మొదలయ్యాయి. క్వింటాలు 12,000 రూపాయలు ఉన్నప్పుడు అమ్మకుండా ఆరు నెలలు దాచితే, నూటికి రెండు రూపాయల వడ్డీ చొప్పున ఆ డబ్బు మీద పడే భారం 1,440 రూపాయలు. అదే రైతుకు కిసాన్ క్రెడిట్ కార్డు ఉండి, నమోదైన గోదాములో సరుకు పెట్టి, ఆ రసీదు మీద 7 శాతం వడ్డీకి బ్యాంకు రుణం దొరికితే భారం 420 రూపాయలు. గోదాము అద్దె, హమాలీ, బరువు తరుగు ఇద్దరికీ ఒకటే. ఈ ఇద్దరు రైతులకు తేడా క్వింటాలుకు 1,020 రూపాయలు, ఆ తేడా గోదాము ఎవరిదన్న దాని మీద ఆధారపడి లేదు, రుణం ఎవరిదన్న దాని మీద ఆధారపడి ఉంది. గుంటూరు చుట్టుపక్కల ఇప్పటికే వందకు పైగా కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి. మరొకటి కడితే 420 రూపాయల రైతుకు కొంత వీలు పెరుగుతుందేమో, 1,440 రూపాయల రైతు మాత్రం దాని గుమ్మందాకా కూడా రాలేడు. ఇంటర్వ్యూలో నన్ను అడిగిన ఆ ప్రశ్న, ఏ అంకె మారితే జవాబు తిరగబడుతుందన్నది, ఇక్కడ దానంతట అదే తేలింది. ధర ఎంత పెరుగుతుందన్న ఊహ మీద అందరూ వాదించుకుంటున్నారు, జవాబును తిప్పేది వడ్డీ.

స్లైడ్ల తయారీ గురించి చాలా విన్నాను, చేసి చూశాక నాకు మిశ్రమ అభిప్రాయం ఉంది. ప్రతి స్లైడు శీర్షిక ఒక పూర్తి వాక్యంగా ఉండాలి, ఆ వాక్యం మేము కనుగొన్న విషయాన్ని చెప్పాలి. మిర్చి నిల్వ పరిస్థితి అని రాస్తే మేనేజర్ గారు ఎర్ర సిరాతో "అయితే ఏమిటి?" అని రాసి వెనక్కి ఇచ్చేవారు. అప్పు లేని రైతులే కోల్డ్ స్టోరేజీని వాడుకుంటున్నారు అని మార్చితే ఊరుకునేవారు. శీర్షికలు మాత్రమే వరుసగా చదివితే మొత్తం వాదన అర్థం కావాలి. ప్రతి అంకె కింద అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎప్పటిదో ఉండాలి, మూలం లేని అంకె ఎంత అందంగా ఉన్నా తీసేయాలి. ఈ క్రమశిక్షణ నాకు అమూల్యమైనది, దీన్ని మా కళాశాలలో మొదటి నెలలోనే నేర్పించి ఉండాల్సింది. అయితే మధ్య సమీక్షకు ముందు రాత్రులు పొద్దుపోయేదాకా మేము చేసిన పనిలో సగం బొమ్మల వరుసలు సరిచేయడం, రంగులు మార్చడం. ఆ సమయాన్ని ఇంకొందరు రైతులకు ఫోన్ చేసి మా అంకెలను సరిచూసుకోవడానికి వాడి ఉంటే నివేదిక బలపడేది. ఈ మాట నేను అక్కడే చెప్పాను, మా మేనేజర్ గారు కాదనలేదు.

మధ్య సమీక్షలో పార్ట్‌నర్ గారు మా వాదనను ఎదురు తిప్పి చూశారు. రుణమే సమస్య అయితే, రుణం ఇచ్చాక ధర పడిపోతే ఎఫ్‌పీఓ మునుగుతుంది కదా అన్నారు. దానికి జవాబుగా, దాచిన సరుకు మీద ఎఫ్‌పీఓ సభ్యుడికి ఇచ్చే అడ్వాన్సు ఆ రోజు ధరలో 60 శాతం మించకూడదని, అంటే 12,000 ఉన్నప్పుడు 7,200 రూపాయలే ఇవ్వాలని ప్రతిపాదించాం. ఆ అడ్వాన్సుకు నష్టం రావాలంటే ధర 40 శాతం పడాలి. 2023 నాటి 20,000 నుంచి 12,000కు ధర పడింది కూడా సరిగ్గా అంతే, కాని అందుకు రెండేళ్లు పట్టింది. ఒక్క సీజన్ లోపల సరుకు అమ్మేయాలన్న షరతు పెడితే ప్రమాదం తగ్గుతుందన్నాం. ఆయన ఒప్పుకున్నారు, వడ్డీని కూడా ఆ 40 శాతంలోంచే మినహాయించి చూడమన్నారు.

నేను పట్టుబట్టి అడిగినది ఒకటి ఉంది. మాకు సమాచారం ఇచ్చిన రైతులకు మేము ఏమి కనుగొన్నామో చెప్పకుండా నివేదికను క్లయింటుకు ఇవ్వడం నాకు న్యాయంగా అనిపించలేదు. కోతల కాలంలో వారు పని ఆపుకుని మాతో గంటల తరబడి కూర్చున్నారు. క్లయింటు అనుమతి తీసుకుని, ముఖ్యమైన విషయాలను రెండు పేజీల తెలుగు పత్రంగా రాస్తానని అడిగాను. మేనేజర్ గారు అనుమతి తెచ్చారు. ఆ రెండు పేజీలు రాయడం మొత్తం నివేదిక కన్నా కష్టమైంది. ఇంగ్లీషులో వర్కింగ్ క్యాపిటల్ అని రాసి దాటేసిన చోట, తెలుగులో ఎవరు ఎవరికి ఎప్పుడు ఎంత డబ్బు ఇవ్వాలో విడమరిచి రాయాల్సి వచ్చింది, అలా రాస్తుంటే మేము ఆలోచించని విషయాలు రెండు మూడు బయటపడ్డాయి.

ఆ పత్రం పట్టుకుని ఒక ఎఫ్‌పీఓ ఆఫీసుకు వెళ్లాం. డైరెక్టర్లు, కొందరు సభ్యులు వచ్చారు. పత్రం చదివి వినిపించాను. వడ్డీ లెక్క దగ్గర అందరూ తల ఊపారు. అది వారికి కొత్త విషయం కాదు, కాగితం మీద చూడటమే కొత్త. ఆ తరువాత డైరెక్టర్లలో ఒకావిడ, "మరి కౌలుకి చేసేవాళ్ల సంగతేందమ్మా? బ్యాంకోళ్లు పాస్‌బుక్కు అడుగుతారు. పాస్‌బుక్కు భూమిగలాయన పేరు మీద ఉంటది. ఆయన బయటికియ్యడు" అన్నారు. కౌలు రైతుల కోసం ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది, దాని కింద 11 నెలల కాలానికి కార్డు ఇస్తారు. ఆ చట్టం ప్రకారం కార్డు ఇవ్వడానికి భూయజమాని సమ్మతి కావాలి. కార్డు ఉన్నవారికి కూడా రుణం సులభంగా దొరకడం లేదని ఆ గదిలో ఉన్నవారు చెప్పారు. మా నివేదికలో కౌలు రైతుల ప్రస్తావన అనుబంధంలో ఒక స్లైడుగా ఉంది. నిజానికి మిర్చి పొలాల్లో కనిపించేవారిలో ఎక్కువమంది వారే. తిరిగి వస్తుండగా బస్సులోనే మేనేజర్ గారితో ఫోన్లో మాట్లాడి, ఆ స్లైడును ముందుకు తెచ్చి, ఎఫ్‌పీఓ ఇచ్చే అడ్వాన్సుకు పాస్‌బుక్కు కాకుండా, గోదాములో ఉన్న సరుకునే హామీగా తీసుకోవాలన్న సిఫారసును రాశాం.

చివరి ప్రదర్శన క్లయింటు ఆఫీసులో జరిగింది. కోల్డ్ స్టోరేజీ కట్టవద్దని, ఆ డబ్బుతో ఎఫ్‌పీఓలకు కోతల సమయంలో వాడుకునే తిరుగుడు నిధి (అప్పుగా ఇచ్చి, వసూలయ్యాక మళ్లీ ఇచ్చే డబ్బు) ఏర్పాటు చేయాలని, ఉన్న గోదాముల్లో నమోదైనవాటిని వాడుకోవాలని, కల్లాల్లో ఆరబెట్టే సదుపాయానికి, గ్రేడింగుకు తొలి ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పాం. కౌలు రైతుల భాగాన్ని నన్ను చెప్పమన్నారు. క్లయింటు తరఫున ఒక పెద్ద అధికారి, భవనం కడితే పదేళ్లు కనిపిస్తుంది, నిధి ఇస్తే రెండేళ్లలో కనపడకుండా పోతుందేమోనని సందేహపడ్డారు. అది తేలికగా కొట్టిపారేసే సందేహం కాదు. నిధులు మింగేసి మూతబడిన సంఘాలు ఎన్నో ఉన్నాయి. ప్రతి నెలా నిధి లెక్కను సభ్యులకు తెలుగులో చదివి వినిపించాలన్న షరతు పెట్టాలని మా పార్ట్‌నర్ గారు సూచించారు. మా రెండు పేజీల పత్రం అనుభవమే ఆ సూచనకు మూలం అనుకుంటాను.

ఇంటర్న్‌షిప్ ముగిశాక సంస్థ నాకు ఉద్యోగ ప్రతిపాదన ఇచ్చింది, అంగీకరించాను. నా మూల్యాంకనంలో లెక్కల నాణ్యతకు, క్షేత్ర పనికి మంచి మాటలు ఉన్నాయి, సమావేశాల్లో ఇంకా ధైర్యంగా మాట్లాడాలని కూడా ఉంది. ఆ రెండో మాట నిజమే, దాని మీద పనిచేస్తున్నాను. కన్సల్టింగ్ వైపు రావాలనుకునే తెలుగు విద్యార్థులు, ముఖ్యంగా పల్లెల నుంచి వచ్చినవారు, తమకు తెలిసిన ఊరి వ్యవహారం ఈ వృత్తిలో పనికిరాదని అనుకోవద్దని చెప్పాలని ఉంది. నూటికి రెండు రూపాయలంటే సంవత్సరానికి 24 శాతమని క్షణంలో తట్టడం, అరుగు మీద కూర్చుని ఏ ప్రశ్న ఎప్పుడు అడగాలో తెలియడం, ఇవి ఆ బృందంలో ఎంత అవసరమయ్యాయో నేను కళ్లారా చూశాను.

క్లయింటు మా సిఫారసును పూర్తిగా కాకుండా, ఒక సీజన్ ప్రయోగంగా కొద్ది ఎఫ్‌పీఓల్లో అమలు చేయడానికి ఒప్పుకుంది. కోల్డ్ స్టోరేజీ ఆలోచనను పక్కన పెట్టలేదు, వాయిదా వేసింది. కౌలు రైతులకు సరుకు హామీ మీద అడ్వాన్సు ఇచ్చే భాగం మాత్రం యథాతథంగా ప్రయోగంలో చేరింది. మిర్చి కోతలు జనవరి నుంచి ఊపందుకుంటాయి. అడ్వాన్సు తీసుకున్నవారు కాయను ఎంతకాలం ఆపగలిగారో, కూలీలకు, ఎరువుల కొట్టుకు బాకీలు ఎలా తీర్చారో, వారి అమ్మకం పట్టీలను బట్టి లెక్క తీయాలి. ఆ పట్టీలను సేకరించే పట్టికను నేను వచ్చేముందు తయారు చేసి, ప్రయోగంలో ఉన్న ఒక ఎఫ్‌పీఓ అకౌంటెంటుకు అప్పగించి వచ్చాను.